ఎర్ర సిరాతో మూడక్షరాలు

మా పెద్ద మావయ్యకు కుడి కంట్లో శుక్లం ముదిరిందని మూడేళ్ల క్రితం ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. రక్తపోటు, షుగరు చూశారు, కంటి కొలతలు తీశారు, రక్తం తీసుకున్నారు, మర్నాడు ఉదయం ఆపరేషన్ అన్నారు. తెల్లవారి చూస్తే ఆయన కేసు షీటు నెత్తిన ఎర్ర సిరాతో హెచ్‌సివి అనే మూడక్షరాలు, వాటి చుట్టూ రెండుసార్లు దిద్దిన సున్నా ఉన్నాయి. హెచ్‌సివి అంటే కాలేయానికి సోకే హెపటైటిస్-సి వైరస్. ఆ పూట ఆపరేషన్ల జాబితాలో ఆయన పేరు లేదు. నర్సమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "మీ పెద్దాయనకి రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందండి, ఇక్కడ చెయ్యరు, విశాఖపట్నం తీసుకెళ్లిపోండి" అని గొంతు తగ్గించి చెప్పింది. ఆ గొంతు తగ్గించడంతోనే మావయ్యకు సగం సంగతి అర్థమైపోయింది. విజయనగరం నుంచి రాజాం వచ్చే బస్సులో చీపురుపల్లి దాటేదాకా నోరు విప్పని మనిషి, ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "నాను జన్మలో తాగలేదు కదరా, నాకు లివరు జబ్బేటి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆ పూట నా దగ్గర సరైన జవాబు లేదు. నేను జీవశాస్త్రం చెప్పే బడిపంతులును. హెపటైటిస్-ఎ నుంచి ఇ వరకు అయిదు వైరస్‌ల పేర్లూ పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. అంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి ఏమిటంటే, ఏటా జులై 28న ప్రపంచ హెపటైటిస్ దినోత్సవానికి పిల్లలను వరుస కట్టించి, బ్యానరు పట్టించి, బడి నుంచి కూడలి దాకా ముందు నడిచినవాణ్ణి కూడా నేనే.

ఆ ఊరేగింపుల గురించి కాస్త చెప్పాలి. ముందు రోజు సాయంత్రం ఉత్తర్వు వస్తుంది. బ్యానరు మీద పెద్దల ఫొటోలు పోగా మిగిలిన చోట ఒక కాలేయం బొమ్మ ఉంటుంది. నినాదం మాత్రం పాతదే, తరిమికొడదాం అన్నది. దోమనూ క్షయనూ పొగాకునూ తరిమికొట్టిన గొంతులతోనే పిల్లలు దీన్ని కూడా తరిమికొడతారు. కూడలిలో మానవహారం, ఒక ఉపన్యాసం, ఒక ఫొటో, ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పడగానే కార్యక్రమం ముగుస్తుంది. మావయ్య సంగతి బయటపడడానికి ముందు ఏడాది, తిరిగి వచ్చే దారిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, "మాస్టారూ, మా అయ్యకి ఇది ఉందో లేదో ఎలా తెలుస్తాది?" అని అడిగింది. రక్తపరీక్ష చేయించాలమ్మా అన్నాను. ఎక్కడ చేస్తారండీ అంది. పెద్దాసుపత్రిలో అన్నాను, తోచిన మాట అనేశాను తప్ప తెలిసి కాదు. అయిదేళ్లుగా నేను ఊరేగిస్తున్న బ్యానరు మీద కూడా ఆ ఒక్క ముక్క ఎక్కడా లేదు.

హెపటైటిస్-సి విషయంలో ప్రభుత్వం చేస్తున్న ప్రచారమంతా ఆ పిల్ల అడిగిన రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతోందని నా వాదన. జ్వరమో దగ్గో కనిపించే జబ్బయితే, ఆ లక్షణం కనబడినప్పుడు ఏం చేయాలో చెప్పడం అవగాహన అవుతుంది. ఏ లక్షణమూ చూపకుండా ఇరవై ఏళ్లు ఒంట్లో కాపురం ఉండే జబ్బు గురించి మైకులో ఎంత చెప్పినా, వినేవాడికి తన గురించి ఏమీ తెలియదు. ఇక్కడ పరీక్షే అవగాహన. పరీక్ష వెంట తీసుకురాని ప్రచారాన్ని ప్రచారం అనడానికి కూడా నాకు మనసొప్పడం లేదు.

మా ప్రాంతంలో కాలేయం గురించి జనానికి గట్టిగా తెలిసినవి రెండే. తాగితే పాడవుతుంది, కామెర్లొస్తే పసరు తాగాలి. రెండోదానికి ఒక కారణం ఉంది. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ కొన్ని వారాల్లోనే ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు పరగడుపున పోసిన ఆకు పసరు, చప్పిడి పథ్యం కూడా ఉంటాయి కనుక, తగ్గించిన ఖ్యాతి పసరుకు దక్కుతుంది. సి వైరస్ ఈ లెక్కల్లో దేనికీ చిక్కదు. అది నీటి ద్వారా రాదు, అన్నం ద్వారా రాదు, ఒక కంచంలో తిన్నా పక్కన పడుకున్నా రాదు. అది ప్రధానంగా రక్తం నుంచి రక్తానికి పాకుతుంది. సోకిన తొలినాళ్లలో చాలామందికి కామెర్లు కూడా కనిపించవు. పదిమందికి సోకితే దాదాపు ముగ్గురిలో ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది, మిగతా ఏడుగురిలో తిష్ఠ వేస్తుంది. అలా తిష్ఠ వేసినవారిలో 15 నుంచి 30 శాతం మందికి ఇరవై ఏళ్లలో కాలేయం గట్టిపడి సిరోసిస్‌గా మారుతుంది, కొందరికి క్యాన్సర్ కూడా వస్తుంది. ఇంత చేసే జబ్బుకు తెలుగులో జనం నోట నలిగిన పేరు లేదు. పొట్టలో నీరు చేరి మంచాన పడ్డాక "లివరు పాడైపోయింది" అంటారు, తాగుబోతు అయ్యుంటాడని ఇరుగుపొరుగు అనుకుంటారు, అంతటితో ఆ కథ ముగుస్తుంది. మావయ్య బస్సులో నన్ను అడిగినది జబ్బు గురించి కాదని, తన మర్యాద గురించి అని నాకు తరవాతెప్పుడో తట్టింది.

మరి ఆయనకు ఎలా వచ్చింది? కచ్చితంగా చెప్పగల మార్గం లేదు. 1994లో ట్రాక్టరు బోల్తా పడి తొడ ఎముక విరిగినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. మన దేశంలో రక్తనిధులు సేకరించిన ప్రతి సీసానూ సి వైరస్ కోసం పరీక్షించడం తప్పనిసరి అయింది 2000 దశాబ్దపు తొలి సంవత్సరాల్లో కనుక, అనుమానం ముందు అటే పోతుంది. అయితే నా చిన్నతనపు జ్ఞాపకం ఒకటి ఆ అనుమానాన్ని అక్కడితో ఆగనివ్వదు. మా ఊరి అరుగు మీద స్పిరిట్ స్టవ్వు, దాని మీద స్టీలు పెట్టె, పెట్టెలో మరిగే నీళ్లలో ఒక గాజు సిరంజి, రెండు సూదులు. జ్వరాల కాలంలో ఆ అరుగు కింద పాతికమంది వరుసగా నిలబడేవారు. పదో మనిషి వచ్చేసరికి నీళ్లు చల్లారిపోయేవి, అయినా వరుస ఆగేది కాదు. తరవాత ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాయి. అప్పుడు కొత్త ధీమా పుట్టింది, సూది మార్చాను కదా అన్నది. సూది మార్చి సిరంజి ఉంచుకుంటే ఏం లాభం? సిరంజి లోపల మిగిలిన కంటికి కనబడనంత రక్తంలో ఈ వైరస్ వారాల తరబడి బతికి ఉండగలదని ప్రయోగశాలల్లో రుజువైంది. ఒకే మందు సీసాలో వాడిన సిరంజిని మళ్లీ ముంచితే, ఆ తరవాత ఎన్ని కొత్త సిరంజిలు తెచ్చినా ఆ సీసాలోంచి వచ్చేది ఒకటే.

దీనికి ఊరి ఆర్‌ఎంపీని ఒక్కణ్ణే బోనెక్కించడం నాకు ఇష్టం లేదు. అర్ధరాత్రి పిల్లవాడికి ఆయాసం వస్తే తలుపు తీసేది ఆయనే, అప్పు రాసుకునేదీ ఆయనే. మాత్రలిచ్చి పంపిస్తే "సూదెయ్యకుండా పంపించేస్తావేటి బాబూ" అని నిలదీసేది మనమే. నీరసంగా ఉందంటే సెలైన్ ఎక్కించుకోవడం, ఎక్కించుకున్నామని నలుగురికీ చెప్పుకోవడం మన దగ్గర ఒక గౌరవం అయి కూర్చుంది. అవసరం లేని సూదిని కోరుకునే మనకూ, అడిగిన సూదిని కాదనలేని ఆయనకూ మధ్య ఈ వైరస్ హాయిగా బతికింది. ప్రభుత్వ ప్రచారం నిజంగా ఎవరి చెవిన పడాలో ఇక్కడే తేలుతుంది. బ్యానరు మీద "ఇతరుల సూదులు వాడరాదు" అని రాసి పిల్లల చేతికి ఇవ్వడం, బస్సు ప్రయాణికుడికి బ్రేకులు సరిచూసుకొమ్మని చెప్పడం లాంటిది. సూది ఎవరి చేతిలో ఉందో వారికి శిక్షణ ఇవ్వాలి, ఒకసారి వాడగానే తనంతట తానే బిగిసిపోయే సిరంజిలు వారికి కారుచౌకగా అందించాలి, వాడినవాటిని లెక్క ప్రకారం వెనక్కి తీసుకోవాలి. పిల్లల టీకాలకు మన ఆరోగ్య శాఖే అటువంటి సిరంజిలు ఏళ్లుగా వాడుతోంది. టీకా వేసే చేతికి తెలిసిన జాగ్రత్త పక్క వీధిలో జ్వరానికి సూది వేసే చేతికి ఎందుకు చేరలేదన్నది జవాబు చెప్పవలసిన ప్రశ్న.

ఈ మాట అన్నప్పుడు ఈజిప్టు కథ గుర్తు చేయకుండా ఉండలేను. అక్కడ నైలు కాలువల నీటిలో దిగిన రైతులకు నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా అనే పరాన్నజీవి జబ్బు వచ్చేది. దాన్ని వదిలించాలని 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వమే ఊరూరా తిరిగి జనానికి వరుస సూదులు వేసింది. గాజు సిరంజిలు, చాలీచాలని శుద్ధి, పొడవాటి వరుసలు, అచ్చం మా ఊరి అరుగే. సి వైరస్‌ను గుర్తించింది 1989లో కనుక, తాము ఏం పంచుతున్నారో ఆ సూదులు వేసినవారికి తెలియదు. ఆ ప్రచారం ఫలితంగా ఈజిప్టు ప్రపంచంలోనే హెపటైటిస్-సి అత్యధికంగా ఉన్న దేశాల్లో ఒకటయింది. అదే ప్రభుత్వం 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో దాదాపు 5 కోట్లమందికి వేలి రక్తపు చుక్కతో పరీక్ష చేసింది, జబ్బు తేలినవారికి ఉచితంగా మందిచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఈ జబ్బు నిర్మూలన దారిలో "గోల్డ్ టైర్" స్థాయికి చేరిన మొదటి దేశంగా ఈజిప్టును ప్రకటించింది. జనాన్ని జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకుని ఉంటే వారు అక్కడికి చేరేవారు కాదు.

మన తెలుగునాట ప్రచారం ఫలించిన ఉదాహరణ లేకపోలేదు. ఇరవై ఏళ్ల క్రితం గోడల మీదా బస్సుల మీదా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అనే ప్రశ్న చదవని తెలుగువాడు లేడు. పులిరాజా ఎవరో తెలియకుండానే రాష్ట్రమంతా ఆ ప్రశ్నను నోట వేసుకుంది. అది పనిచేసిందంటే దానికి వెనుక రెండు ఆధారాలు ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు మనిషి నడవడిలో ఉంది, నడవడి మార్చుకోవడం అతని చేతిలో ఉంది. అనుమానం వచ్చినవాడు వెళ్లి గుట్టుగా, ఉచితంగా పరీక్ష చేయించుకోవడానికి ఐసీటీసీలు అనే సలహా, పరీక్షా కేంద్రాలు వచ్చాయి. హెపటైటిస్-సికి మొదటిది చాలావరకు వర్తించదు. ఎందుకంటే మన పల్లెల్లో ఇది ఎక్కువగా వైద్యం పొందుతుండగా వచ్చే జబ్బు, తప్పు చేసి తెచ్చుకునేది కాదు. కాబట్టి భారమంతా రెండోదాని మీదే పడాలి. మనం మాత్రం పులిరాజా గోడ రాతలను తీసుకుని, పరీక్షా కేంద్రాన్ని వదిలేశాం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం అన్యాయం అవుతుంది. 2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2030 నాటికి హెపటైటిస్-సిని నిర్మూలించాలన్నది లక్ష్యం. పరీక్షలూ మందులూ ఉచితం, అది కాగితం మీది మాట మాత్రమే కాదు, మావయ్య విషయంలో నేను కళ్లారా చూశాను. ఈ ఉచితం విలువ తెలియాలంటే మందు చరిత్ర తెలియాలి. సోఫోస్‌బువిర్ 2013 చివర్లో అమెరికాలో విడుదలైనప్పుడు 12 వారాల కోర్సు ధర 84,000 డాలర్లు, అంటే ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, అప్పటి మారకం లెక్కన మొత్తం 50 లక్షల రూపాయలకు పైనే. 2014, 2015లలో భారతీయ కంపెనీలకు తయారీ అనుమతులు దొరికాక, హైదరాబాదుకు చెందిన నాట్కో, హెటిరో వంటివి జెనరిక్ మందును తెచ్చాయి, ధర నేలకు దిగింది. మావయ్యకు జిల్లా ఆసుపత్రిలో ఇచ్చినవి సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్, రోజుకు చెరొకటి, 84 రోజులు. నెలకొక డబ్బా, మొత్తం మూడు విడతలు. ఆయన వాటిని దేవుడి గూట్లో పెట్టుకుని, దీపం వెలిగించాక వేసుకునేవాడు. మందు ఆపిన 12 వారాలకు చేసిన పరీక్షలో వైరస్ జాడ లేదు. ఈ మందులతో నూటికి 95 మందికి పైగా ఇలాగే నయమవుతుంది. బి వైరస్‌లా ఇది కణ కేంద్రకంలో దాక్కోదు కనుక, తుడిచివేస్తే పూర్తిగా పోతుంది. టీకా లేదు, నిజమే. కానీ ఇంత తేలిగ్గా నయమయ్యే దీర్ఘకాలపు వైరస్ జబ్బు మరొకటి నాకు తెలియదు.

మందు గోదాములో ఉంది, రోగి ఊళ్లో ఉన్నాడు. తనకు జబ్బుందని రోగికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో భారతదేశంలో 55 లక్షలమంది హెపటైటిస్-సితో బతుకుతున్నారు. సగటున 250 మందిలో ఒకరు. అందుకే ఊరందరికీ పరీక్ష చేయడం దండగ కదా అని ఒక వైద్యాధికారి నాతో వాదించారు. ఆ వాదనలో బలం ఉంది, జబ్బు అరుదుగా ఉన్నచోట అందరికీ కార్డు పరీక్ష చేస్తే లేనివారికి కూడా ఉన్నట్టు చూపే పొరపాట్లు పెరుగుతాయి. కానీ సగటు ఊళ్లన్నిటికీ సమానంగా వర్తించేది కాదు, ఈ జబ్బు సూది తిరిగిన చోట గుంపుగా ఉంటుంది. పాతికేళ్ల క్రితం రక్తం ఎక్కించుకున్నవారు, పెద్ద ఆపరేషన్లు అయినవారు, ఏళ్ల తరబడి సూదులు వేయించుకున్న నలభై దాటినవారు, వీరితో మొదలుపెట్టవచ్చు. షుగరు, బీపీ కోసం ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇంటింటికీ వస్తూనే ఉన్నారు, షుగరు కోసం వేలు పొడుస్తూనే ఉన్నారు. అదే వేలి నుంచి మరొక చుక్క కార్డు మీద వేస్తే అర గంటలోపే గీత పడుతుందో లేదో తెలిసిపోతుంది. గీత పడినవారికి, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష కావాలి. క్షయ కోసమూ కోవిడ్ కోసమూ జిల్లాలకు వచ్చిన ట్రూనాట్, సీబీనాట్ యంత్రాల మీదే, వేరే చిప్పో కార్ట్రిడ్జో పెట్టి ఆ పరీక్ష చేయవచ్చు. పంజాబు 2016లోనే జిల్లా ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం మొదలుపెట్టి, వేలాదిమందికి నయం చేసి చూపించింది. అక్కడ చేయగలిగినది ఇక్కడ చేయలేకపోవడానికి జనాభాయో పేదరికమో కారణం అంటే నేను నమ్మను.

శ్రీకాకుళం జిల్లాకు ఈ విషయంలో మిగతా జిల్లాలకు లేని తొందర ఒకటి ఉంది, అది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి తోటల మధ్య కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇవన్నీ మేలే. కానీ వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటల పాటు, ఒంట్లో రక్తమంతా యంత్రం గుండా తిరిగి వచ్చే మనిషికి సి వైరస్ సోకే అవకాశం మామూలు మనిషికన్నా చాలా ఎక్కువ. డయాలసిస్ మొదలుపెట్టే రోజున ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి పరీక్ష చేయాలన్నది వైద్యనియమం. నర్సు ఒక పడక నుంచి మరో పడకకు వెళ్లేటప్పుడు చేతి తొడుగు మార్చడం, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ సీసాను పడకల మధ్య తిప్పకపోవడం, చిందిన రక్తాన్ని వెంటనే తుడవడం, ఇటువంటి చిన్న పనుల మీదే ఆ గదిలోని అందరి కాలేయాలూ ఆధారపడి ఉంటాయి. నన్నడిగితే జులై 28న బడిపిల్లల ఊరేగింపుకు అయ్యే ఖర్చుతో, ఆ ఏడాది డయాలసిస్ కేంద్రాల్లో ఎంతమందికి పరీక్ష చేశారో, కొత్తగా ఎందరికి తేలిందో గోడ మీద సుద్దతో రాయమంటాను. రోగుల పేర్లక్కర లేదు, అంకెలు చాలు. కిడ్నీలు పోయిన మనిషికి కాలేయం కూడా పోగొట్టే హక్కు ఏ యంత్రానికీ లేదు.

పచ్చబొట్ల గురించీ క్షౌరశాలల గురించీ కూడా రాయమని ఒక మిత్రుడు అన్నాడు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో బ్యాటరీ యంత్రంతో వరుసగా చేతులు పొడిచేవాళ్లను అందరం చూశాం. ఆ సూది ఎన్ని చేతులకు ఒకటో అడగవలసిందే, జాతరకు వచ్చే ఆరోగ్య శిబిరంవారు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లతో పాటు వారికి నాలుగు పెట్టెల కొత్త సూదులు ఇవ్వవచ్చు. అంతకుమించి దీన్ని పెద్దది చేసి, అసలు సూదిని మరుగుపరచడం నాకు ఇష్టం లేదు.

ఇక మిగిలింది ఆ ఎర్ర సిరా. హెచ్ఐవి ఉన్నవారి పట్ల వైద్యంలో వివక్ష చూపరాదని 2017లో చట్టం వచ్చింది. హెపటైటిస్ ఉన్నవారికి అటువంటి ప్రత్యేక చట్టం అండగా లేదు. ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి మనిషి రక్తమూ ప్రమాదకరమే అనుకుని అందరి పట్లా ఒకే జాగ్రత్త పాటించాలన్నది వైద్యశాస్త్రం చెప్పే మాట. అది పాటించే చోట ఎర్ర సిరా అవసరం ఉండదు. ఎర్ర సిరా ఉన్నచోట తక్కినవారి విషయంలో ఆ జాగ్రత్త లేదని దాని అర్థం. మావయ్యను తిప్పి పంపినవారు ఆయనకు చేసిన మేలు కూడా ఒకటుంది, ఆ పరీక్ష చేయకపోతే జబ్బు సంగతి తేలేదే కాదు. కానీ తేల్చి, ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండా, విశాఖపట్నం అని, నాలుగు జిల్లాలవారికీ చెప్పే జవాబే చెప్పి పంపేశారు. జిల్లా ఆసుపత్రిలోనే ఉచితంగా వైద్యం ఉందని మాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, అది కూడా మా బడిలో ఒక మాస్టారి తమ్ముడు ల్యాబ్ టెక్నీషియన్ కావడం వల్ల. అలాంటి తమ్ముడు లేని ఇళ్లు ఎన్ని ఉంటాయో.

కుడి కన్ను ఆపరేషన్ చివరికి వేరేచోట అయింది. నిరుడు ఎడమ కంటికి కూడా శుక్లం వచ్చింది. మళ్లీ రక్తం తీశారు, మళ్లీ కార్డు మీద గీత పడింది. ఈ కార్డు వెతికేది వైరస్‌ను కాదు, వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. జబ్బు నయమైనా అవి చాలామందిలో ఏళ్ల తరబడి ఉంటాయి కనుక గీత పడుతూనే ఉంటుంది. ఇది తెలియని కుర్రాడు పాజిటివ్ అని రాయబోతుంటే నేను గొంతు సవరించుకున్నాను. నాకన్నా ముందు మావయ్య చొక్కా జేబులోంచి ఆరోగ్యశ్రీ కార్డు కవరు తీసి, అందులో నాలుగు మడతలు పెట్టి దాచుకున్న వైరల్ లోడ్ కాగితాన్ని బల్ల మీద పరిచి, వైరస్ కనుగొనబడలేదు అన్న వరుస మీద వేలు పెట్టి, "ఇది సదువు బావూ ముందు" అన్నాడు. కుర్రాడు చదివాడు, లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు, కేసు షీటు మీద నల్ల సిరాతోనే ఏదో రాసుకున్నాడు. మావయ్య కాగితాన్ని మళ్లీ పాత మడతల్లోనే మడిచి కవర్లో పెట్టుకుని, చెప్పులు విప్పి వరుసలో కూర్చున్నాడు.